లకుముకి పిట్ట కప్పు

“ఉంగరం తీశావా?”

ప్రతి నెలా మొదటి ఆదివారం మధ్యాహ్నం అత్తగారు అడిగే మొదటి ప్రశ్న అదే. తీశానని ఐవీ చెబుతుంది. ఆవిడ నమ్మదు. వంటింటి గడప దాకా వచ్చి కోడలి ఎడమచేతి వేళ్ళు ఒకసారి చూసుకుని గానీ అద్దాల అల్మారా తాళంచెవి ఇవ్వదు. ఉంగరం తగిలితే కప్పుల అంచున ఉన్న బంగారు గీత చెరిగిపోతుందట. పెళ్ళినాడు చర్చిలో క్లిఫర్డ్ తొడిగిన ఉంగరాన్ని తీసి సబ్బుపెట్టె పక్కన పెట్టి, ఐవీ బేసిన్ అడుగున మెత్తటి తువ్వాలు పరుస్తుంది. గోరువెచ్చటి నీళ్ళు పోస్తుంది. ఒక్కో కప్పునీ విడిగా ముంచి, వేలికొసలతో కడిగి, పాత పట్టుగుడ్డతో అద్దుతుంది.

ఆరు కప్పులు, ఆరు సాసర్లు. వూస్టర్ ఊళ్ళో చేసిన పాతకాలపు పింగాణీ. అత్తగారి ముత్తవ్వ కాపురానికొస్తూ తెచ్చుకున్నవి. వెలుగుకి ఎత్తిపట్టుకుంటే వెనకనున్న వేళ్ళ నీడ కనబడేంత పల్చన. ఒక్కోదాని మీద ఒక్కో పిట్ట. వడ్రంగి పిట్ట, వానకోయిల, ఎర్రరొమ్ము రాబిన్, గుడ్లగూబ, పిచ్చుక, లకుముకి. అన్నిట్లోకీ అందమైనది లకుముకి. సెవెర్న్ నది ఒడ్డున ఏ రెల్లుపొదలోనో మెరిసి మాయమయ్యే ఆ నీలాన్ని ఎవరు పట్టి అక్కడ అతికించారో గానీ, కప్పు కదిలినప్పుడల్లా పిట్ట ఎగరబోతున్నట్టే ఉండేది.

ఆ కప్పుల్లో ఐవీ ఒక్కసారైనా టీ తాగలేదు. పోసే మనిషికి కూర్చుని తాగే తీరికెక్కడిది? పాదిరిగారి భార్య, ఆవిడతో వచ్చే ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల ఇళ్ళ ఆడవాళ్ళు, అత్తగారు తాగేవారు. క్లిఫర్డ్‌కి కూడా వాటిలో పోసేవారు కాదు. మగవాళ్ళ చేతులు మొరటని అత్తగారి సిద్ధాంతం. అతను బ్యాంకులో ఉపమేనేజరు, నలభై దాటిన మనిషి. అమ్మ అలా అన్నప్పుడల్లా తలొంచుకుని వంటింటి కప్పు అందుకునేవాడు.

పెళ్ళై పద్నాలుగేళ్ళయినా ఐవీ అత్తగారిని ‘మిసెస్ ట్రాంటర్’ అనే పిలిచేది. వేరేలా పిలవమని ఆవిడ ఎప్పుడూ అనలేదు. తను కూడా మిసెస్ ట్రాంటరేనన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తున్నట్టుండదు.

ఆ ఏడు ఏప్రిల్ మొదటి ఆదివారం అల్మారా తెరిస్తే లకుముకి పిట్ట కప్పు లేదు. సాసరు మాత్రం ఉంది.

అత్తగారు కేక పెట్టలేదు. అలా పెట్టినా బాగుండేది. అల్మారా ముందు నిలబడి, మిగిలిన కప్పుల మీంచి చూపు నెమ్మదిగా తిప్పి ఐవీ చేతుల దగ్గర ఆపింది. ఐవీ ఆ చేతుల్ని ఎప్రన్ కింద దాచుకుంది. ఎందుకు దాచుకుందో తనకే తెలియదు. తాళంచెవి కుట్టుపెట్టెలో దారపుండల కింద ఉంటుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండడమే ఆ ఇంటి మర్యాద.

మర్నాడు పనిమనిషి నెల్ బేలిస్ వచ్చింది. వారంలో మూడు పూటలు వచ్చి నేల తుడిచి, పొయ్యి శుభ్రం చేసి, బట్టలు ఉతికి వెళ్ళే మనిషి. గట్టి గొంతు, గట్టి చేతులు. అత్తగారు ఆమెని హాల్లోకి పిలిచింది.

“లకుముకి పిట్ట కప్పు ఏమైంది నెల్?”

“అల్మారాలో లేదా అమ్మా?”

“లేదు కాబట్టే అడుగుతున్నాను.”

“ఆ అల్మారా జోలికి నేనెందుకెళ్తానమ్మా? దాని మీద దుమ్ము దులపడానికి కూడా మీరు నన్ను రానివ్వరు కదా!”

“అంత అరవాల్సిన పనేముంది? తీయనివాళ్ళు నెమ్మదిగానే చెబుతారు.”

నెల్ ముఖం జేవురించింది. ఐవీ వైపు తిరిగింది. “మేడమ్, మీరు చెప్పండి. ఇన్నేళ్ళుగా చూస్తున్నారు. ఈ ఇంట్లో సూది పోయిందా నా వల్ల?”

ఐవీ నోరు తెరిచింది. దినపత్రిక వెనకనుంచి క్లిఫర్డ్ గొంతు వచ్చింది. “ఐవీ, అమ్మని కంగారుపెట్టకు.”

తెరిచిన నోరు మూసుకుంది. నెల్ ఆ నోటి వంక ఒక్క క్షణం చూసి, గోడ మేకుకున్న తన కోటు తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక క్లిఫర్డ్ పేపరు నాలుగు మడతలు పెట్టి, అరచేత్తో నున్నగా రాస్తూ అన్నాడు. “నాకెందుకో ఆ మనిషి చూపు మొదట్నించీ నచ్చలేదు.”

ఇంకో పనిమనిషిని పెట్టలేదు. “దొంగల్ని పిలిచి జీతం ఇవ్వడం దేనికి? నీకు మాత్రం పగలంతా ఏం పని? పిల్లా జెల్లా ఉన్నారా?” అంది అత్తగారు. అలా నెల్ పని కూడా ఐవీకి వచ్చి చేరింది. ఇంటి ముందు మెట్లు సున్నపురాయితో రుద్దుతూ మోకాళ్ళ మీద ఉన్నప్పుడు, ఎదురింటి కిటికీ తెర కాస్త కదిలేది. వాళ్ళు చూస్తున్నది మెట్లనా, తననా? ఊళ్ళో ఏమనుకుంటున్నారు? నెల్ తీసిందనుకుంటున్నారా, కోడలు పగలగొట్టి పనిమనిషి మీదికి నెట్టిందనుకుంటున్నారా?

అనుమానం ఆ ఇంట్లో తడి గోడలోకి పాకినట్టు పాకింది. అత్తగారు ఇప్పుడు వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. ఐవీ చెంచాలు కడుగుతుంటే ఆవిడ పెదాలు కదులుతాయి, ప్రార్థన చేస్తున్నట్టు. అది ప్రార్థన కాదని, చెంచాల లెక్కని ఐవీకి తెలుసు. జామ్ సీసాలో మట్టం ఎంతుందో, వెన్నముద్ద మీద కత్తిగాటు ఎక్కడుందో కూడా చూసుకుంటోంది. ఒకరోజు బజారు నుంచి వచ్చేసరికి ఐవీ పడగ్గదిలో బట్టల అల్మారా సొరుగు ఒకటి సరిగ్గా మూసి లేదు. తన లోపలి బట్టలు ఎవరో తీసి, తన కంటే శ్రద్ధగా మడిచి పెట్టారు.

మొదట తన మీద తనకే అనుమానం వచ్చింది. కడిగేటప్పుడు జారిందేమో, భయంతో ఎక్కడో దాచి మరిచిపోయానేమో. అలాంటివి జరుగుతాయట కదా పిల్లలు లేని ఆడవాళ్ళకి, బుర్ర నిలకడగా ఉండదట. ఆ మాట ఎవరన్నారు? అత్తగారే. ఎప్పుడో ఓ క్రిస్మస్‌కి, అందరి ముందూ. బొగ్గుల గది వెతికింది, తన హ్యాండ్‌బ్యాగు కూడా బోర్లించి చూసుకుని సిగ్గుపడింది. తరవాత అనుమానం అత్తగారి మీదికి మళ్ళింది. నెల్ నోటిదురుసు ఆవిడకి గిట్టదు. కప్పుని తనే ఎక్కడో దాచి ఈ నాటకం ఆడిందా? ఆవిడ గది దులిపేటప్పుడు మంచం కింద టోపీల పెట్టెలు ఎత్తి ఊపి చూసింది. చప్పుడేమీ రాలేదు. ఇలా ఒకరి పెట్టెలొకరు వెతుక్కుంటూ, భోజనాల బల్ల దగ్గర ఒకరికొకరు ఉప్పు అందించుకుంటూ బతుకుతున్నాం కదా అనిపించి ఒకసారి నవ్వొచ్చింది కూడా.

క్లిఫర్డ్ మీద మాత్రం అనుమానం రాలేదు. అతని మీద అనుమానపడటం ఆమెకి అలవాటు లేదు.

ఏప్రిల్ చివర ఎండ కాచింది. చలికాలపు బట్టలు కలరా ఉండలు వేసి పెట్టెలో సర్దాలి. క్లిఫర్డ్ ముతక ఉన్ని ప్యాంటు పెరట్లో దండెం మీద వేసి బ్రష్‌తో దులుపుతోంది. పాదాల దగ్గర పైకి మడిచి కుట్టిన అంచుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి చేరుతుంది. రొట్టె పొడి, గడ్డిపరక, సిగరెట్ బూడిద. ఆ మడత తిప్పి దులిపితే గోరంత పెంకు ఒకటి రాయి మీద పడి టింగుమంది.

తీసి చూసింది. నీలం. దాని అంచున సన్నటి బంగారు గీత.

 ఆ నీలాన్ని ఇన్నేళ్ళుగా తన వేళ్ళతో కడుగుతోంది, పొరబడే ప్రశ్నే లేదు. పెంకుని ఎప్రన్ జేబులో వేసుకుని మిగిలిన బట్టలన్నీ దులిపి, మడిచి, పెట్టె మూసింది. పని మధ్యలో ఆపడం కూడా ఆమెకి అలవాటు లేదు.

ఆ సాయంత్రం అత్తగారు పాదిరిగారింట్లో పేకాటకి వెళ్ళింది. చల్లటి మాంసం ముక్కలు, ఉడికించిన బంగాళాదుంపలు బల్ల మీద పెట్టి, క్లిఫర్డ్ ప్లేటు పక్కన, ఆవాల ముద్ద గిన్నెకి ఆనించి, పెంకు పెట్టింది.

“ఇదేమిటి?”

“నువ్వే చెప్పాలి. నీ ఉన్ని ప్యాంటు మడతలో దొరికింది.”

అతను ఫోర్కు కింద పెట్టాడు. పెంకుని చూపుడువేలితో తాకాడు. తరవాత ఆమె ఎన్నడూ వినని చిన్నపిల్లాడి గొంతుతో అన్నాడు. “చిన్నప్పట్నించీ అందులో తాగాలని ఉండేది ఐవీ. ఒక్కసారి. ఆ శనివారం నువ్వు మాంసం కొట్టుకి వెళ్ళావు, అమ్మ తలనొప్పని పైన పడుకుంది. టీ పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని… బాగుంది తెలుసా! అంచు ఎంత పల్చగా ఉందో, పెదాలకి తెలియనే లేదు. కడుగుదామని లేచాను. జారిపోయింది.”

ఐవీ గుండె కరిగింది. నిజంగానే కరిగింది. లేచి అతని తల మీద చెయ్యి వేయబోయింది.

“మరి నెల్ సంగతి?” అంది.

“పనిమనిషికి ఇంకో ఇల్లు దొరుకుతుందిలే.”

“దొరకలేదు. ఊళ్ళో ఒక్క ఇంటివాళ్ళు కూడా పెట్టుకోలేదట. రోజూ కిడర్‌మిన్‌స్టర్ ఊరికి వెళ్ళి తివాసీల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పాత్రలు తోముతోంది.”

“ఏం చేయమంటావు చెప్పు? అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు. ఆవిడ గుండె సంగతి నీకు తెలుసు కదా.” అంటూ పక్కనున్న పేపరు తీసుకుని నాలుగు మడతలు పెట్టి, అరచేత్తో నున్నగా రాశాడు.

ఐవీ చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఈ మడత, ఈ అరచెయ్యి, ఈ గొంతు తను ఇంతకు ముందు చూసింది. నెల్ వెళ్ళినరోజే కాదు, అంతకంటే ముందు కూడా. పెళ్ళైన నాలుగో ఏడు. అప్పటికే ఐవీని బర్మింగ్‌హామ్‌లో డాక్టర్లకి చూపించారు. మత్తిచ్చి ఒకసారి, ఇవ్వకుండా ఒకసారి, తెలియని మగవాళ్ళు నలుగురు నిలబడి చూస్తుండగా పరీక్షలు చేశారు. ఆమెలో ఏ లోపమూ కనబడలేదు, ఇక భర్తని పంపమన్నారు. క్లిఫర్డ్ సెలవు పెట్టి పొద్దున రైలుకి వెళ్ళి సాయంత్రం వచ్చాడు. కోటు విప్పి, పేపరు నాలుగు మడతలు పెట్టి, అరచేత్తో రాస్తూ, “నా వైపు ఏమీ లేదన్నారు. వాళ్ళకి తెలియనిదేదో నీలోనే ఉండి ఉంటుంది” అన్నాడు. ఆ రాత్రి ఐవీ అతనికే క్షమాపణ చెప్పుకుంది. ఆ తరవాత ప్రతి పండగకీ, ప్రతి బాప్తిస్మానికీ, అత్తగారు ఎవరి పిల్లనో ఎత్తుకుని “మా ఇంటికి ఆ రాత లేదులే” అంటూ తన వంక చూసినప్పుడల్లా తల దించుకుంటూనే ఉంది.

“క్లిఫర్డ్, ఆ రోజు నువ్వు ఆసుపత్రికి నిజంగా వెళ్ళావా?”

అతను ప్లేటు పక్కకి జరిపాడు. ఏ ఆసుపత్రి అని అడగలేదు. ఏ రోజు అని అడగలేదు.

“ఇప్పుడు ఆ పాత గొడవలెందుకు?” అని లేచాడు. “అమ్మని తీసుకురావాలి, చీకటి పడుతోంది.”

పాదిరిగారి ఇల్లు రెండు వీధుల అవతల. అమ్మ ఒక్కతే వెళ్ళింది, ఒక్కతే రాగలదు.

మే మొదటి ఆదివారం వచ్చింది. అత్తగారు వంటింట్లో కుర్చీ వేసుకుంది. ఐవీ గుడ్లగూబ కప్పు నీళ్ళలో ముంచి, వెనక్కి తిరక్కుండానే అంది. “లకుముకి కప్పు పగలగొట్టింది క్లిఫర్డ్.”

“నీళ్ళు చల్లారిపోతున్నాయి. కానివ్వు.”

ఐవీ తిరిగి చూసింది. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు.

“మీకు తెలుసా?”

“పింగాణీ పగిలిన చప్పుడు నాకు తెలీదా? మెట్ల మీంచి చూశాను. మోకాళ్ళ మీద కూర్చుని ఏరుకుంటున్నాడు. ఏడుస్తున్నాడు పాపం. చప్పుడు చేయకుండా వెనక్కెళ్ళి పడుకున్నాను.”

“మరి నెల్‌ని ఎందుకు పంపేశారు?”

“ఎవరో ఒకరి మీద పెట్టాలి కదా. నువ్వంటే ఇంట్లో మనిషివి.”

ఆ మాట ఆవిడ దయతోనే అంది. తనకి మేలు చేశాననే అనుకుంటోంది. అది ఐవీకి అర్థమైంది. ఇంత కాలం కుర్చీ వేసుకుని తనని కాపలా కాసింది, తెలిసే కాసింది. తన సొరుగు వెతికిందీ తెలిసే. వెతక్కపోతే, కొడుకు మీద ఎవరికైనా అనుమానం రావచ్చు కాబట్టి.

కప్పుని తువ్వాలు మీద బోర్లించి, చేతులు తుడుచుకుని, ఐవీ ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది.

“పిల్లల సంగతి కూడా మీకు తెలుసా?”

అత్తగారు కిటికీలోంచి పెరట్లోకి చూసింది. జవాబు రాదనే అనుకుంది ఐవీ. వచ్చింది, వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా.

“పందొమ్మిదేళ్ళప్పుడు వాడికి గవదబిళ్ళలొచ్చాయి. ఒళ్ళు పేలిపోయే జ్వరం, కింద వాపు. నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఇక పిల్లల మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరు నాకప్పుడే చెప్పాడు.”

“మా పెళ్ళికి ముందే!”

“చెబితే వాణ్ణి ఎవరు చేసుకుంటారు?”

“క్లిఫర్డ్‌కి చెప్పారా?”

“చెప్పలేదు. అడగలేదు కూడా వాడు. బర్మింగ్‌హామ్ వెళ్ళినరోజు స్టేషన్లో బల్ల మీద సాయంత్రం దాకా కూర్చుని, తిరుగు రైలెక్కి వచ్చాడట. తరవాత నా దగ్గర చెప్పుకున్నాడు.” ఆవిడ నిట్టూర్చింది. “మగవాడి మీద అలాంటి మాట పడితే తలెత్తుకుని బ్యాంకుకి వెళ్ళగలడా? ఆడదానికేముంది ఐవీ! నాలుగు రోజులంటారు, ఊరుకుంటారు.”

అంటే ముగ్గురున్న ఇంట్లో ఇద్దరికి తెలుసు. తల్లి డాక్టరు చెప్పగా విని, కొడుకు ఆ మాట వినకుండా ఉండటానికి నానా అవస్థా పడి. తెలియని ఒక్కతీ మాత్రం వాళ్ళిద్దరికీ టీ కలిపి ఇస్తూ, తన కడుపుని తిట్టుకుంటూ తిరిగింది. ఐవీకి కోపం రాలేదు, ఇంకా రాలేదు. చీకట్లో ఏళ్ళ తరబడి తడుముకుంటున్న గదిలో ఎవరో దీపం పెట్టినట్టు, ఏ కుర్చీ తగిలి తన మోకాలు ఎన్నిసార్లు కొట్టుకుందో ఇప్పుడు చూస్తోంది.

మిగిలిన కప్పులు కూడా కడిగింది. వాటిని నేలకేసి కొట్టాలని అనిపించలేదు. అవేం చేశాయి పాపం? ట్రేలో పెట్టి హాల్లోకి తీసుకెళ్ళింది.

పాదిరిగారి భార్య మిసెస్ లేకన్, ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. క్లిఫర్డ్ చలి కాచుకునే పొయ్యి దగ్గర నిలబడి వాన గురించి మాట్లాడుతున్నాడు.

“పోయిన కప్పు ఆచూకీ ఏమన్నా తెలిసిందా?” అని అడిగింది మిసెస్ లేకన్, కేకు ముక్క తుంచుకుంటూ.

“ఎక్కడ తెలుస్తుందమ్మా, ఈపాటికి ఏ పాతసామాన్ల కొట్టుకో చేరి ఉంటుంది” అంది అత్తగారు. ఆవిడ కంఠంలో చిన్న వణుకైనా లేదు.

“తెలిసింది” అంది ఐవీ. చేతిలో టీ కూజా బరువుగా ఉంది, బల్ల మీద పెట్టింది. “క్లిఫర్డ్ చేతిలో జారి పగిలింది. ఆ రోజు మిసెస్ ట్రాంటర్ కూడా చూశారు. నెల్ బేలిస్ దాన్ని ముట్టుకోనైనా లేదు. ఆమె దొంగ అని ఎవరెవరికి చెప్పారో, వాళ్ళందరికీ ఈ మాట కూడా చెప్పండి మిసెస్ లేకన్. టీ మీరే పోసుకోండి. పాలు ఆ గిన్నెలో ఉన్నాయి.”

ఎవరి చేతిలోదో చెంచా సాసరు మీద పడింది. ఐవీ నడవలోకి వచ్చి కోటు వేసుకుంటుంటే క్లిఫర్డ్ వెనకే వచ్చాడు.

“పిచ్చి పట్టిందా నీకు? అందరి ముందూ…”

“రెండిట్లో ఒక్కటే చెప్పాను క్లిఫర్డ్. అందరి ముందూ చెప్పకపోతే నెల్‌కి పని దొరకదు కాబట్టి. రెండోది నా ఒక్కదానికి నువ్వు చెప్పాల్సింది. పదేళ్ళ కిందట.”

అతను తల్లి ఉన్న గది వైపు చూశాడు. అంతే. ఆ చూపుతో ఐవీకి మిగిలిన కాస్త సందేహమూ తీరిపోయింది.

నెల్ ఇల్లు వంతెన అవతల, వరసగా అతుక్కున్న చిన్న ఇళ్ళలో ఒకటి. తలుపు తడితే లోపల్నుంచి కేక వచ్చింది. “తీసే ఉంది, ఎవరైనా సరే రండి, నేను లేవలేను!”

నెల్ బకెట్ వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. ఐవీని చూసి ముఖం గంటు పెట్టుకుంది.

“ఇప్పుడేం పోయింది మేడమ్? చెంచానా?”

ఐవీ నిలబడే చెప్పింది, కప్పు సంగతంతా. నెల్ మధ్యలో ఆపింది. “ఆగండాగండి. పాదిరిగారి భార్య ఎదుటే చెప్పారా ఆ మాట?”

“ఎదుటే.”

“అయితే రేపు పొద్దునకి ఊరంతా తెలుస్తుంది. పేపర్లో వేయించక్కర్లేదు.” నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు. “ఆ రోజే నోరు విప్పి ఉంటే నా కాళ్ళు ఇలా ఉండేవి కావు.”

“తెలుసు. నన్ను క్షమిం…”

“అడక్కు. అడిగితే సరేననాలి. నాకింకా కోపం తీరలేదు.” నెల్ పక్కన కుర్చీ చూపించింది. “కూర్చో. తలుపు వేసి కూర్చో, చలి.”

కూర్చుంది.  తరవాత ఐవీ రెండో సంగతి చెప్పింది. ఎవరికీ చెప్పకూడదనుకున్నది, నెల్ అడక్కుండానే. నెల్ వింటూ వింటూ ఒకటే మాట అంది. “ముసలిది అంతా తెలిసే ఆ మాటలన్నీ అందా!”

“మీ అమ్మాయి నర్సు చదువుకి వెళ్ళింది కదా. ఆ గది ఖాళీగా ఉందా?”

నెల్ ఆమెని పైనుంచి కింద దాకా చూసింది. నమ్మాలా వద్దా అని తూచుతున్నట్టు. “ఎన్నాళ్ళకి?”

“తెలీదు. రేపు పని వెతుక్కుంటాను. పెళ్ళికి ముందు టైపు కొట్టేదాన్ని, వేళ్ళకి గుర్తుంటుందనే అనుకుంటున్నాను.”

“మొగుడొచ్చి రమ్మంటే?”

“తలుపు దగ్గర నిలబడి మాట్లాడి పంపిస్తాను.”

“ఊఁ.” నెల్ ఒక కాలు నీళ్ళలోంచి తీసి తుడుచుకుంది. “గది ఇస్తాను గానీ, ముందే చెబుతున్నా. ఈ ఇంట్లో ఎవరి ఎంగిలి గిన్నెలు వాళ్ళే కడుక్కోవాలి. నీవి నేను కడగను. నావి నువ్వు కడిగావో, ఆ రోజే బయటికి పంపేస్తా.”

ఐవీ లేచి, కోటు విప్పి, తలుపు వెనకున్న మేకుకి తగిలించింది.